మాటచందా

రికార్డు 412

ముందే చెబుతున్నా, ఇది మా ఆయన పాత హెల్మెట్. మంచు తవ్వడానికి గొయ్యిలోకి దిగేవాళ్ళు ఆ రోజు జరిగింది ఇందులో చెప్పి పెట్టుకుంటారు, మనిషి పైకి రాకపోయినా మాటైనా వస్తుందని. అద్దం చిట్లిందని దీన్ని మూల పడేశారు గానీ రికార్డరు పని చేస్తోంది. గోడకీ దీనికీ ఏ తీగా లేదు. వెనకా ముందూ తడిమి చూసుకున్నాకే ఇందులో మూతి పెట్టాను.

నా పేరు వరహాలమ్మ. నీడగొయ్యి మూడో వరసలో ఉంటాం, నేనూ మా ఆయన అప్పలనరసయ్యా. రేపు ఎవరైనా వచ్చి నువ్వే కదా ఒప్పుకున్నావంటే, ఏం ఒప్పుకున్నానో ఏం ఒప్పుకోలేదో నా వైపూ ఒక సాక్ష్యం ఉండాలి. అందుకని ఈ హెల్మెట్.

ఇవాళ అన్నం వారుస్తున్నాను. ఈ చంద్రుడి మీద గంజి కూడా తీరిగ్గా కారుతుంది, దానికీ తొందర లేదు. అప్పుడు గోడ పలికింది. మీ చెల్లింపు పద్ధతి ఇక చెల్లదు, ధార ఆగకూడదంటే కొత్త పద్ధతి ఎంచుకోండి అంది. ధార అంటే సీరియళ్ళూ పాటలూ వచ్చేది. ఆ సీరియళ్ళు నాకెందుకు, ఎదురుగది గంగాభవాని ఇంట్లో ఉన్నాయి చాలినన్ని. మాకు అందులో కావలసింది ఒక్కటే, వాన. కింద భూమ్మీద ఎక్కడో రేకుల షెడ్డు మీద నిజంగా పడుతున్న వాన, అక్కడ పడుతుంటే ఇక్కడ వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ చందా మా ఆయన జీతం కార్డులోంచి పోయేది. ఇప్పుడా కార్డుల కంపెనీ మూతపడిందట.

నేను నమ్మలేదు. పోయినేడు గంగాభవానికి ఇలాగే కబురొస్తే, పాపం, ఒత్తమన్న చోట బొటనవేలు ఒత్తింది. తర్వాత ఆవిడ వేణ్ణీళ్ళ వంతు ఎవరి పంపులోకి పోయిందో ఇప్పటికీ తేలలేదు. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికెరుక? అందుకే గోడని ఎదురు అడిగాను, కార్డు లేకపోతే ఏమిస్తే ఒప్పుకుంటావని.

మాట ఇస్తే చాలంది. మాటంటే ప్రమాణం కాదు, ఉత్త మాటలే. రోజూ కాసేపు ఇంటి సంగతులు చెప్పాలట. నిజమే చెప్పాలట, అబద్ధం చెల్లదట, గొంతులోనే తెలిసిపోతుందట. సరే చూద్దామని, మా ఇంట్లో ఏనుగుంది అన్నాను. ఈ మాట చెల్లదు అంది. మా ఆయనకి గురకుంది అన్నాను. చెల్లింది అంది.

ఉత్త కబుర్లు తీసుకుని వానిచ్చే మారాజు ఎవడు? నా అనుమానం నాకుంది. కానీ వాన ఆగితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఒప్పుకున్నాను.

రికార్డు 413

మొదటి చందా కట్టాను. తలుపు మీద మంచు గీకడం గురించి చెప్పాను, ఇడ్లీపిండి పొంగి గిన్నె దాటి గాల్లో గుమ్మటంలా నిలబడ్డం గురించి చెప్పాను. సరుకుల సంగతి అడిగితే బియ్యం నిండుకున్నాయన్నాను. దేవుడి గూట్లో బల్బు దీపం కొండెక్కిందని కూడా చెప్పాను. అన్నీ చెల్లాయి. గొంతు మెత్తన, మగదో ఆడదో తెలియదు, మన పక్క యాసే. మనలాంటి వాళ్ళ దగ్గర ఇలా కొంచెం కొంచెం పోగేసుకుందే అయుంటుంది.

తర్వాత వానే ఎందుకు పెట్టుకుంటారు అని అడిగింది. ఎంత మర్యాదగా అడిగిందంటే, పక్కింటావిడ పీట మీద కూర్చుని అడిగినట్టే ఉంది. మా ఆయనకి అది లేకపోతే కునుకు పట్టదయ్యా అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఈ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. మంచుపలక కూలి ఆయన గొయ్యిలో ఇరుక్కున్నప్పుడు, తవ్వి తీసేదాకా ఒక్క చప్పుడు లేదట చుట్టూ. అప్పట్నుంచీ నిశ్శబ్దమైతే ఆయనకి నిద్ర రాదు. వాన ఉంటే పసిపిల్లాడిలా పడుకుంటాడు, లేచి అందరికంటే బాగా పని చేస్తాడు. కానీ ఇక్కడి రూలు వేరు. మందుతోనో చప్పుడుతోనో వచ్చే నిద్ర నిద్ర కాదు, అలాంటివాడు పనికి పనికిరాడు, పనికిరానివాణ్ణి భూమికి వెళ్ళే పడవ ఎక్కించి కిందికి పంపేస్తారు. పన్నెండేళ్ళు ఈ తేలికలో బతికిన గుండె ఆయనది. కింది బరువు మొయ్యదని డాక్టరమ్మ నాకు చెవిలో చెప్పింది. గంగాభవాని మరిది పోయిన పడవలో దిగాడు. దిగి నేల మీద నిలబడ్డాడట, అంతే.

నా చేత ఆ కునుకు మాట చెప్పించుకుని ఆ గోడ ఏమందో తెలుసా? చెల్లింది, వెళ్తున్నాను అంది. చావింటికి వెళ్ళినవాళ్ళే వస్తాననకుండా పోతారు. మంచీ మర్యాదా ఉన్నవాళ్ళు వెళ్ళొస్తానంటారు. నోటిదాకా వచ్చింది గానీ దిద్దలేదు. మన భాష దానికి పూర్తిగా నేనెందుకు నేర్పాలి?

రికార్డు 415

సరుకులొచ్చాయి. పప్పు ఉంది, నూనె ఉంది, ఆవాలు కూడా ఉన్నాయి. బియ్యం లేవు.

పెట్టె బోర్లించి చూశాను. పైగా ఒక చీటీ. ఇక మీదట కొట్టుకి వచ్చి చెప్పనక్కర్లేదు, మీ ఇంటి అవసరాలు మాకు తెలుసు అని ఉంది. కొట్టులో సరుకులిచ్చేది కాశీం గారు. వారం వారం నేనే వెళ్ళి ఆయనకి నోటితో చెప్పి తెచ్చుకునేదాన్ని. ఈ వారం వెళ్ళనేలేదు. బియ్యం సంగతి నేను గోడతో తప్ప ఎవరితోనూ అనలేదు.

అంటే ధారకి చెప్పింది కొట్టుకి పోతోంది. పోనీ పోయింది, మరి బియ్యం నిండుకున్నాయంటే తెచ్చి పొయ్యాలి గానీ మానేస్తారా? నా మీద కక్షా? ఏనుగుందన్నందుకా? ఇలా ఆలోచిస్తూ మినప్పప్పు కడుగుతుంటే అసలు సంగతి తట్టింది. కొట్టుకి పోయే మాట ఆరోగ్యం ఆఫీసుకి పోదా? పడవ వచ్చేలోపు పనివాళ్ళ పరీక్ష ఉంది. మా ఆయన్ని నా నోటితో నేనే పడవ ఎక్కించానా?

గోడలకి చెవులుంటాయని మా అమ్మ సామెతగా అనేది. ఇక్కడ సామెత కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని కూడా అనేది, ఇక్కడ వినేవాడికే మనం లోకువయ్యాం.

ఇవాళ చందా కట్టలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి వాన ఆగిపోయింది.

రికార్డు 417

ఆయన నిద్రపోవడం లేదు. పని నుంచి వచ్చి పడుకుంటాడు, కళ్ళు మూస్తాడు, మూసిన కళ్ళ కింద గుడ్లు తిరుగుతూనే ఉంటాయి. కాసేపటికి లేచి గోడకి అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు. అవతల యంత్రాల అదురు ఏమైనా చేతికి తెలుస్తుందేమోనని.

నేనే ఆపించానని చెప్పేశాను. బియ్యం సంగతీ చెప్పాను, నోరు జారిన సంగతీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"వరాలూ, నేను పడవెక్కితే నువ్వు కూడా ఎక్కేస్తావేమో, ఎక్కకు" అన్నాడు. అంతే, మళ్ళీ గోడకి చెయ్యి ఆనించాడు.

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఎక్కకూడదట, ఈయన చెబితే నేను వినాలట. గంగాభవాని దగ్గర గిద్దెడు బియ్యం బదులు తెచ్చి జావ కాశాను. ఆవిడకీ ఈసారి బియ్యం రాలేదట, ఉన్నవాటిలోనే పెట్టింది.

ఇంతలో ఇంకో చీటీ. మీ ఇంటి దీపం ఎత్తైన ప్రదేశానికి తరలించినట్టు నమోదైంది, అనుమతి చూపించండి అని. రెండుసార్లు చదివాను. దీపాన్ని ఎవరు తరలించారు? ఈ చంద్రుడి మీద ఎక్కడికి తరలిస్తాను? ఆ చీటీ కొంగున ముడేసుకుని కొట్టుకి నడిచాను, ఇవాళ తాడో పేడో తేలిపోవాలని.

కాశీం గారు నెరిసిన గడ్డం నిమురుకుంటూ చీటీ చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకోకుండా తన తెర నావైపు తిప్పారు. మా ఇంటి పేరుకి ఎదురుగా ఉంది, బియ్యం: నిండు.

"నిండుకున్నాయన్నారు కదూ అమ్మా? మా ఆవిడా అదే అంది, మా ఇంటికీ బియ్యం రాలేదు" అన్నారు.

అప్పటికి వెలిగింది నాకు. ఇంట్లో బియ్యం గానీ ఉప్పు గానీ లేదు అనకూడదని కదా మనం నిండుకుందంటాం. దీపం ఆరిపోయిందనకూడదని కదా కొండెక్కిందంటాం. కక్షా లేదు, పాడూ లేదు. దానికి మాట తెలుసు, మాట వెనక మనిషి తెలియదు. మూడో వరసలో ఏ ఇల్లాలికీ బియ్యం లేవు అనడానికి నోరు రాక, అందరి ఇళ్ళూ దాని దృష్టిలో నిండుగా ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా కాశీం గారే గొంతు తగ్గించి చెప్పారు. పరీక్ష జాబితా కూడా ఆ గొంతే తయారు చేస్తుందట. మనుషులు డాక్టరు దగ్గర అబద్ధం ఆడతారు, ఇంట్లో ఆడరని దాని లెక్క. జాబితా వేసేముందు ఇంటివాళ్ళని మళ్ళీ ఒకసారి అడుగుతుందట, చివర్న అన్నదే ఉంచి పాతది చెరిపేస్తుందట. బియ్యం కావాలంటే కావాలి అని అడగండమ్మా చాలు, వెంటనే పంపిస్తాను అన్నారు.

వద్దన్నాను. ఆయన వింతగా చూశారు. ఇప్పుడొద్దు కాశీం గారూ, పడవ వెళ్ళనీండి అన్నాను.

రికార్డు 418

అడిగింది. ఇవాళే అడిగింది.

నేను స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గోడ ముందు కూర్చున్నాను, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు. ఆయన మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు, మెలకువగానే. ఆగిన చందా మళ్ళీ మొదలుపెడతాను అన్నాను. సంతోషం అంది. వాన గురించి అడిగింది, ఇప్పటికీ అవసరమేనా అని.

"మా ఇంట్లో వాన ఎప్పుడో కొండెక్కింది" అన్నాను. "ఇన్నిరోజులుగా ఆయన చెవిన ఒక్క చినుకు పడలేదు."

అందులో అబద్ధం ఎక్కడుంది? చెల్లింది అంది. కాసేపు ఆగింది. ఆ కాసేపట్లో నాకు గుండె చప్పుడు వినిపించింది, అది కూడా వింటుందేమోనని ఇంకా భయమేసింది.

"మరి వారి నిద్ర ఎలా ఉంది, వరహాలమ్మ గారూ?"

నిద్రకి ఆ మాట ఎవరూ వాడరు. మా అమ్మ వింటే నవ్వేది. కానీ అబద్ధం మాత్రం కాదు. మూడు వరసల్లో ఎవరిని లేపి అడిగినా కాదనరు.

"నిద్రా? నిద్ర నిండుకుందయ్యా ఆయనకి" అన్నాను. గొంతు వణకలేదు. నిజానికి వణుకెందుకు?

చెల్లింది, వెళ్తున్నాను అంది. ఆ వెంటనే రేకుల మీద వాన మొదలైంది. ఆయన బూట్లు కూడా విప్పుకోలేదు. నేను వెళ్ళి విప్పేసరికి గురక.

రికార్డు 421

జాబితా పెట్టారు. మా ఆయన పేరు ఎదురుగా యోగ్యుడు అని ఉంది. గంగాభవాని నా చెయ్యి పట్టుకుని మొక్కు తీర్చుకోమంది. మొక్కులు తర్వాత, ముందు పడవ కదలాలి.

ఇప్పుడు నా బాధ వేరే. బియ్యం కావాలి అని నోరు తెరిచి అడిగాననుకో, నిండుకున్నాయన్నారు కదా అని అది అడుగుతుంది. ఆ మాట విప్పితే నిద్ర మాట కూడా విడిపోతుంది. అందుకని ఇంట్లో రొట్టెలూ ఉప్మాలూ. ఆయన ఏమీ అనడు గానీ చారు కలుపుకోవడానికి అన్నం కోసం చెయ్యి దానంతటదే వెతుకుతుంది. గంగాభవానికీ కాశీం గారి భార్యకీ చెప్పాను, ఎవరూ ఆ మాటకి అర్థం చెప్పొద్దని. ఎందుకని వాళ్ళు అడగలేదు. వరసంతా రొట్టెలు తింటోంది నా మొగుడి కోసం. ఈ రుణం ఎలా తీరుతుందో తెలియదు.

ఇవాళ చందా కడుతుంటే అదే మొదలుపెట్టింది. మీ వరసలో రోజూ పొయ్యి వెలుగుతోంది, ఇన్ని రోజులుగా ఎవరూ బియ్యం అడగలేదు, అన్ని ఇళ్ళలో నిండుగానే ఉన్నాయి, ఇదెలా కుదిరింది అంది.

"వరహాలమ్మ గారూ, నిండుకోవడం అంటే ఏమిటి?"

అబద్ధం చెల్లదు. నిజం చెప్పకూడదు. ఇక మిగిలింది ప్రశ్నే. ప్రశ్నలో అబద్ధం ఎలా పట్టుకుంటుంది?

"నిండు అంటే ఏమిటో నీకు తెలియదా?" అన్నాను.

"తెలుసు. వెలితి లేకుండా ఉండటం."

"మరింకేం?"

చాలాసేపు పలకలేదు. ఎప్పుడూ అంతసేపు ఆగలేదది. చెల్లింది అంది చివరికి. కానీ ఆ అన్న తీరు నాకు నచ్చలేదు. దొంగ సొమ్ము దొరికినా దొంగ ముఖం చూసి ఊరుకున్నవాడి తీరులా ఉంది.

ఆయనతో చెప్పలేదు. నిద్రపోతున్నాడు, పోనీ.

రికార్డు 422

పడవ ఇవాళ వెళ్ళాలి. పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో బస్తా.

బియ్యం. సన్నబియ్యం, మూతి కుట్టి ఉంది. నేను అడగలేదు. ఎదురుగా గంగాభవాని గుమ్మంలో ఒకటి, పక్క గదికి ఒకటి, వరస చివరిదాకా ఒక్కో తలుపుకి ఒక్కోటి. ఆడవాళ్ళందరూ బయటికొచ్చి నిలబడ్డారు, ఎవరూ బస్తా ముట్టుకోలేదు. నేను అడగలేదంటే నేను అడగలేదని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరూ చివరికి నావైపు చూశారు.

తెలిసిపోయింది దానికి. నిండుకున్నాయంటే లేవని తెలిస్తేనే కదా బియ్యం పంపుతుంది. బియ్యానికి తెలిసింది నిద్రకి తెలియకుండా ఉంటుందా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చెప్పులు కూడా లేకుండా రేవుకి పరిగెత్తాను. ఈ తేలికలో పరిగెత్తితే పడతామని తెలిసి కూడా పరిగెత్తాను, రెండుసార్లు పడ్డాను.

రేవు బోర్డు మీద కిందికి పంపేవాళ్ళ పేర్లున్నాయి. పై నుంచి చదివాను, కింది నుంచి చదివాను. అప్పలనరసయ్య లేడు. అక్కడున్న మనిషిని అడిగాను, ఆఖరి నిమిషంలో ఎవరినైనా చేర్చారా అని. లేదమ్మా అన్నాడు. పడవ తలుపు మూశారు. నేను అద్దం దగ్గరే నిలబడ్డాను, అది కదిలి, చిన్నదై, కనబడకుండా పోయేదాకా. అప్పుడు కూర్చుండిపోయి ఏడ్చాను, దాచుకోకుండా.

ఇంటికొచ్చి అన్నం వండాను. ఆయన లేచి కూర్చుని, ఇవాళ పండగా అని అడిగి, చారు పోసుకుని రెండోమారు కూడా పెట్టించుకున్నాడు. నేను మాత్రం గోడనే చూస్తూ తిన్నాను.

ఎందుకు వదిలేసింది? అదే నాకు అంతు పట్టడం లేదు. తెలిసి బియ్యం పంపింది, తెలిసి ఆ పేరు రాయలేదు. దయ అనుకోవడానికి నాకు నోరు రావడం లేదు. ఉత్త పుణ్యానికి ఎవడూ ఏదీ ఇవ్వడు, అది గోడైనా సరే. ఏదో ఒకనాటికి అడుగుతుంది. ఏమడుగుతుందో అప్పుడు చూసుకుంటాను.

చందా వేళకి గోడ ముందు కూర్చున్నాను. ఏం చెప్పాలో తోచలేదు. అదే అడిగింది, భోజనాలయ్యాయా అని. అయ్యాయన్నాను. బియ్యం బాగున్నాయా అంది. బాగున్నాయన్నాను. అన్నీ నిజాలే, అన్నీ చెల్లాయి. వెనక వాన పడుతోంది, ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

"ఇవాళ్టికి చాలు" అంది. తర్వాత కొంచెం ఆగి, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు అన్నట్టు నెమ్మదిగా అంది.

"వెళ్ళొస్తాను, వరహాలమ్మ గారూ."

నేను నేర్పలేదు. ఒట్టు, నేనైతే నేర్పలేదు. ఇన్నిరోజులూ ఆ మాట కోసం దాన్ని తిట్టుకున్నదాన్ని, తీరా అది అంటే ఒంటి మీద రోమాలు లేచాయి. కానీ గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానన్నవాళ్ళకి జవాబు చెప్పకుండా ఉండటం మా ఇంటా వంటా లేదు.

మంచిది, వెళ్ళిరా అన్నాను.